సేనానివారి తుప్పు

నౌకాసేనాని ఉద్దండరాయుడు గుల్లపాలెం రేవులో మూడు రోజులు ఆగాడు. ఆయన గురించి లోకానికి తెలిసిందంతా ఇంతే. అదైనా పక్క ఊరి గుడిగోడలో ఇరికించిన ఒక విరిగిన రాతి మీద ఉంది. ఆయన మంచినీళ్ల కోసం ఆగాడో, గాలి పడిపోయి ఆగాడో, అసలు ఓడ దిగాడో లేదో రాతిలో లేదు. అక్కడికి రాయి విరిగిపోయింది. రాయి విరిగిన చోటి నుంచి ప్రభుత్వం అందుకుంది.

సేనాని పుట్టి మూడు వందల ఏళ్లు నిండాయని రాజధానిలో ఎవరో తేల్చారు. పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు కనక తేల్చడం కష్టం కాలేదు. త్రిశత జయంతికి గుల్లపాలెంలో ప్రదర్శనశాల పెట్టాలనీ, అందులో సేనాని వాడిన వస్తువులు మూడు వందలు ఉండాలనీ ఉత్తర్వు వచ్చింది. ఏడాదికొక వస్తువన్న మాట. సేనాని ఉన్నది మూడు రోజులే కాబట్టి రోజుకి వంద వస్తువుల చొప్పున ఆయన ఈ ఊళ్లో పారేసుకుని పోయి ఉండాలి. అంత గొప్పవాడికి అది ఎక్కువేమీ కాదని నౌకా వారసత్వ సేకరణ విభాగం ప్రత్యేకాధికారి ఉమాకాంతం గారు మొదటి సభలోనే చెప్పారు. ఊళ్లో తుఫాను షెల్టరు ఖాళీ చేయించి, దానికి నీలం రంగు కొట్టించి, జీపు ముందు నిలబెట్టుకుని ఆయన సేకరణ మొదలుపెట్టారు.

అది మే నెల మొదటి వారం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రం మీద వేట నిషేధించిన రెండు నెలల్లో ఇంకా సగం గడవని రోజులు. పడవలన్నీ ఒడ్డున ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి. సూరాడ దానయ్య కూడా తన పడవకి అతుకులు వేసుకుంటూ ఒడ్డునే కూర్చున్నాడు. పక్కన అతని లంగరు ఉంది. నాలుగేళ్ల కింద ఊరి కమ్మరి సోమాచారి లారీ ఇరుసు విరగ్గొట్టి, కొలిమిలో కాల్చి, సాగదీసి చేసిన లంగరు అది. నాలుగేళ్లూ ఉప్పునీళ్లలో నాని నాని పెచ్చులు పెచ్చులుగా తుప్పెక్కి ఉంది.

సేకరణ బృందంలో ఒక నిపుణుడు ఉన్నాడు. డాక్టర్ త్రిలోచనరావు అంటారు. సముద్రానికి నాలుగు వందల మైళ్ల దూరంలో, నాలుక పిడచగట్టే ఊళ్లో పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఒక పాత కోట తలుపు గొళ్లేన్ని పదిహేనేళ్లు పరిశీలించి, తుప్పు మందాన్ని బట్టి ఇనుము వయసు కట్టే పట్టిక తయారు చేసిన మనిషి. రూపాయి బిళ్ల మందాన తుప్పు ఉంటే వందేళ్లు. రెండు బిళ్లల మందమైతే రెండు వందలు. ఆ గొళ్లేనికి ఆ లెక్క వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. సముద్రాన్ని ఆయన చూడటం ఇదే మొదలు. దూరం నుంచి చూసి, బాగానే ఉందన్నాడు.

దానయ్య లంగరు ముందు ఆయన మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూగేజీ పెట్టి మూడుసార్లు కొలిచాడు. లేచి ఉమాకాంతం గారి చెవిలో ఏదో చెప్పాడు. ఉమాకాంతం గారు చెప్పులు విడిచి లంగరుకి దండం పెట్టారు. అది రెండు వందల ఎనభై ఏళ్ల నాటిదట. సేనాని నిండు వయసులో ఉండగా వేసిన లంగరట.

దానయ్య మొదట నవ్వాడు. వాళ్లు నవ్వకపోయేసరికి ఆపేశాడు. లంగరు తనదనీ, నాలుగేళ్ల కింద తనే దగ్గరుండి చేయించుకున్నాననీ, ఈ గాలికి రేకు పెట్టె కొనుక్కుంటే ఏడాది తిరిగేలోగా చిల్లులు పడుతుందనీ, తుప్పు చూసి మోసపోవద్దనీ వివరంగా చెప్పుకున్నాడు. ఉప్పుగాలి మాట విన్నాక త్రిలోచనరావు పుస్తకం తీసి 'స్థానికుల నమ్మకాలు' అన్న శీర్షిక కింద రాసుకున్నాడు.

"చూడు దానయ్యా, నువ్వు చెప్పేది మౌఖికం. ఈ తుప్పు భౌతికం" అన్నారు ఉమాకాంతం గారు, చంటిపిల్లాడికి చెప్పినంత ఓర్పుగా. "మౌఖికానికీ భౌతికానికీ వైరుధ్యం తలెత్తిన సందర్భంలో భౌతికమే ప్రమాణమని ఉత్తర్వు నాలుగో పేరాలో విస్పష్టంగా ఉంది."

నలుగురు మనుషులు లంగరుని జీపు వెనక కట్టి ఈడ్చుకుపోయారు. దానయ్య చేతిలో ఒక రసీదు మిగిలింది. 'సేనానివారి లంగరు, ఒకటి. అనధికారికంగా వాడుచున్న వ్యక్తి నుండి స్వాధీనం చేసుకోబడినది' అని ఉంది. ఆ అనధికార వ్యక్తికి కడుపు మండిపోయింది.

మండదా మరి? గుల్లపాలెం వాళ్లు ఒడ్డుకి రెండు గంటల దూరంలో, నీటి అడుగున రాతి నేల ఉన్న చోట గాలాలతో వేట చేస్తారు. ఆ చోటుని పారు అంటారు. పారు మీద నీళ్ల ఈడ్పు గట్టిది. లంగరు లేకపోతే పడవ నిలవదు, పడవ నిలవకపోతే గాలం వెయ్యలేరు. రెండు నెలలు వల పడని సముద్రంలో నిషేధం ఎత్తేసిన మొదటి వారం దొరికిన చేప మళ్లీ ఏడాది పొడుగునా దొరకదు. జూన్ పదిహేను తెల్లవారేసరికి లంగరు పడవలో ఉండాలి. లేకపోతే దానయ్యకి ఆ ఏడు ఏడు కాదు.

సరే, చేసినవాడు బతికే ఉన్నాడు కదా అని దానయ్య మర్నాడు పొద్దున్నే సోమాచారిని వెంటబెట్టుకుని షెల్టరుకి వెళ్లాడు. సోమాచారి అరవై ఏళ్ల మనిషి, అబద్ధమాడే అలవాటు లేదు. లంగరు తనే చేశానని, ఏ ఇరుసుతో చేశాడో, ఎన్ని దెబ్బలు కొట్టాడో కూడా చెప్పాడు. ఉమాకాంతం గారు అంతా విన్నారు. విని, త్రిలోచనరావుతో కలిసి పక్క గదిలోకి వెళ్లి, పావుగంట తర్వాత శాలువాతో వచ్చారు. రెండు వందల ఎనభై ఏళ్ల నాటి లంగరుని తన చేతుల్తో చేశానని చెప్పగల మనిషి సేనానివారి ఆస్థాన కమ్మరి వంశీకుడు కాక ఇంకెవరు కాగలడని వారి నిర్ణయం. తాతల చేతి గురుతు మనవడి నోట పలుకుతోందట. శాలువా కప్పారు, ఫొటో తీశారు. వంశీకుడు కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దాగలి, సుత్తి, పట్టకారు సేకరణలోకి తీసుకున్నారు.

దారి పొడుగునా దానయ్య తిడుతూనే ఉన్నాడు. ఇంటి మలుపు దగ్గర సోమాచారి ఆగి, శాలువా అంచు సవరించుకున్నాడు.

"ఏమోరా దానయ్యా, నానే సేసినాననుకుంటన్నాను గానీ, సెయ్యి నాదయినా ఆ పనితనం యెవులిదో యెవులికి తెలుసు" అన్నాడు.

దానితో సాక్షి కూడా పోయాడు.

ఆ తర్వాత సేకరణ ఊపందుకుంది. తుప్పు పట్టనిదేదీ గుల్లపాలెంలో లేదు. లంగర్లన్నీ పోయాయి. అద్దెకి తెచ్చుకుందామన్నా ఊళ్లో ఒక్కటి మిగల్లేదు. చేపలు కోసే కత్తిపీటలు సేనానివారి ఆయుధాలయ్యాయి. రేషను షాపు తక్కెడ సేనానివారి ఖజానా తక్కెడ అయింది. బడిగంట యుద్ధభేరి అయింది. బోరింగు పంపు పిడికి రెండు వందల నలభై ఏళ్లు రావడంతో దాన్నీ ఊడదీశారు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మైలు దూరం నడవడం మొదలుపెట్టారు. దానయ్య భార్య కొర్లమ్మ రోజుకి రెండుసార్లు ఆ మైలు నడిచి వచ్చి, బిందె దించి, సేనాని ఏడు తరాల వాళ్లనీ తలుచుకునేది. ఆయనకి తరాలున్నట్టు రాతిలో లేదు. అయినా వదిలిపెట్టేది కాదు.

పోస్టుమాన్ సైకిలు దగ్గర మాత్రం చిన్న చిక్కొచ్చింది. తుప్పుని బట్టి దానికి రెండు వందల అరవై ఏళ్లు. సైకిలు కనిపెట్టి అన్నేళ్లు కాలేదని బృందంలో ఎవరో నసిగారు. త్రిలోచనరావు ఒక రాత్రంతా ఆలోచించి, పట్టిక తప్పు కావడానికి వీల్లేదు కనక చరిత్రలోనే సవరణ అవసరమని తేల్చాడు. పొడవాటి ఓడల మీద ఈ కొస నుంచి ఆ కొసకి సేనాని ద్విచక్ర వాహనంపై తిరుగుతూ ఆజ్ఞలు జారీ చేసేవాడని వ్యాసం రాశాడు. దానికి మెచ్చుకోలు లేఖ వచ్చింది.

ఆ సైకిలు సంగతి విన్నాక దానయ్యకి ఒక ఉపాయం తట్టింది. ఉమాకాంతం గారి జీపు పాతది. సముద్రానికి ఎదురుగా నిలబెట్టడం వల్ల దాని అడుగు రేకంతా పొక్కిపోయి ఉంది. దాన్ని కూడా కొలవమంటే అప్పుడైనా వీళ్లకి బుద్ధి వస్తుందనుకున్నాడు. నలుగురున్నప్పుడు చూసి, చేతులు కట్టుకుని, జీపుకి కూడా గేజీ పెట్టి చూడమని త్రిలోచనరావుని అడిగాడు. ఊరివాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. త్రిలోచనరావు జీపు కిందకి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. రెండు వందల పది, అన్నాడు.

ఉమాకాంతం గారు జీపు వైపు చూశారు, పట్టిక వైపు చూశారు, మళ్లీ జీపు వైపు చూశారు. తర్వాత మెల్లగా జేబులోంచి తాళం తీసి, త్రిలోచనరావు చేతిలో పెట్టారు. ఇన్నాళ్లూ తెలియక సేనానివారి వాహనంలో తిరిగిన పాపానికి క్షమించమని సముద్రం వైపు తిరిగి నమస్కరించారు. చట్టం ముందు తనూ దానయ్యా ఒకటేనన్నారు. ఆ రోజు నుంచి ఆయన బస్సులో వచ్చి, బస్సులో వెళ్లారు. బస్సుని కొలవమని అడిగే ధైర్యం మాత్రం దానయ్యకి లేకపోయింది.

మొండివాణ్ణి ఎలాగో ఒకలా ఒప్పించవచ్చు. నిజాయితీపరుడికి పిచ్చి ముదిరితే ఇక చేసేదేముంది? దానయ్య అర్జీ పెట్టాడు. జూన్ మొదటి వారంలో జవాబు వచ్చింది. ఏడో తరగతి దాకా చదివిన కొర్లమ్మ దాన్ని గుమ్మంలో కూర్చుని చదివింది. మత్స్యకార సోదరుల పట్ల ప్రభుత్వానికి అపారమైన సానుభూతి ఉందట. అందువల్ల లంగరుని వేట అవసరానికి తాత్కాలికంగా ఇవ్వడానికి అభ్యంతరం లేదట. షరతు ఒక్కటే, ఉప్పునీరు పురావస్తువులకి హానికరం కాబట్టి లంగరుని సముద్రంలో వెయ్యకూడదట. దానయ్య ఆ కాగితం తీసుకుని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

జూన్ పదో తేదీ ప్రారంభోత్సవం. మంత్రిగారు వస్తున్నారు. రెండు రోజుల ముందు మంత్రిగారి కార్యాలయం నుంచి కబురొచ్చింది, ప్రాంగణంలో ప్రతి వస్తువూ తళతళలాడాలని. ఏ మంత్రి ఎక్కడికి వెళ్లినా వెళ్లే కబురే అది. ఆసుపత్రికీ అదే, గోశాలకీ అదే. అందిన ఉత్తర్వుని పాటించడం తప్ప విమర్శించడం ఎరగని ఉమాకాంతం గారు ఊరంతటినీ శ్రమదానానికి పిలిచారు. కిరసనాయిలు, ఇసుక, గోనెపట్టలు ఇచ్చి, ఎవరి దగ్గర తీసుకున్న వస్తువు వాళ్లనే తోమమన్నారు. సేనాని మీద భక్తి ఎంతుందో చూస్తానన్నారు.

దానయ్య రెండు రోజులు లంగరుని తోమాడు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. తుప్పే దీని వయసైతే, తుప్పు వదిలితే వయసూ వదులుతుంది, వయసు వదిలితే లంగరు తనకి వదులుతుంది, ఇదీ అతని ఆశ. తోముతున్న కొద్దీ పెచ్చులు రాలాయి, అడుగున సోమాచారి సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పదో తారీఖు ఉదయానికి లంగరు పెళ్లికొడుకులా మెరిసింది. మంత్రిగారు వచ్చి, రిబ్బను కత్తిరించి, లంగరులో తన ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుని, మూడు వందల ఏళ్ల నాటి పనితనం ఇలా ఉండేదని మెచ్చుకుని వెళ్లిపోయారు.

మర్నాడు తనిఖీ బృందం గేజీతో వచ్చింది. వస్తువుల వయసు రిజిస్టరుతో సరిచూడటం వాళ్ల పని. లంగరుకి సున్నా వచ్చింది. కత్తిపీటలకి సున్నా, గంటకి సున్నా, జీపుకి సున్నా. ఉద్దండరాయుడు గుల్లపాలెంలో వదిలిపెట్టిన వస్తువులు ఈ తేదీ నాటికి లేవు, అని వాళ్లు రాసుకుని పోయారు. దానయ్య గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నాడు. ఇక లంగరు కొత్తదే కదా, ఇచ్చేయమని అడిగాడు. ఉమాకాంతం గారు అతని వైపు చూసిన చూపుకి దానయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

పన్నెండో తారీఖున వస్తువుకొకటి చొప్పున మూడు వందల నోటీసులు వచ్చాయి. దానయ్య నోటీసు ఇలా ఉంది: 'సదరు లంగరుపై గల రెండు వందల ఎనభై సంవత్సరాల తుప్పును మీరు మీ స్వహస్తాలతో తొలగించినట్లు రుజువైనది. తద్వారా చరిత్రకు తీరని నష్టం వాటిల్లినది. కావున సదరు తుప్పును మీ సొంత బాధ్యతపై యథాస్థితికి తీసుకురావలసినదిగా, లేనియెడల చట్టరీత్యా చర్య తీసుకోబడునని తెలియజేయడమైనది.'

దానయ్య తల పట్టుకుని కూలబడ్డాడు. ఇసుకా కిరసనాయిలూ ఇచ్చినవాళ్లే ఇప్పుడు జైల్లో పెడతామంటున్నారు. పోనీ పడవ అమ్మేసి ఏ బస్తీకో కూలికి పోదామని కూడా అనేశాడు. కొర్లమ్మ మాత్రం నోటీసు రెండోసారి చదివింది. మూడోసారి ఆఖరి వాక్యం దగ్గర వేలు పెట్టి చదివింది.

"మావా, ఏడుపాపి లెగు. తుప్పు ఏడ పడతాదో నీకు తెల్దేటి?" అంది.

దానయ్య లేచి చొక్కా తొడుక్కున్నాడు.

షెల్టరులో ఉమాకాంతం గారు మూడు వందల నోటీసుల కార్బను కాపీల మధ్య దిగాలుగా ఉన్నారు. అందులో ఒకటి ఆయన పేరు మీదే ఉంది, జీపు తాలూకు. త్రిలోచనరావు పక్కన కూర్చుని పట్టిక తిరగేస్తున్నాడు. పట్టికలో తుప్పుకి వయసుంది గానీ తుప్పు ఎలా పుడుతుందో లేదు. దానయ్య చేతులు కట్టుకుని నిలబడి, పొరపాటు ఒప్పుకున్నాడు. చరిత్రకి తను చేసిన నష్టం తనే పూడుస్తానన్నాడు. ఉమాకాంతం గారికి ప్రాణం లేచివచ్చింది. ఏ విధంగా పూడుస్తావని అడిగారు.

"సముద్దరంలో ఏలాడదియ్యాల బాబూ. ఒడ్డునయితే సరిగా పట్టదు. పారు మీదకి అట్టుకెల్లి, తాడు కట్టి అడుక్కి దించాల. తెల్లారి దించితే ఎండెక్కేదాకా తియ్యకూడదు. రోజూ సెయ్యాల, ఒక్క రోజు మానినా తుప్పు సెదిరిపోద్ది."

"దీన్ని పర్యవేక్షించేదెవరు?"

"నానే దగ్గరుండి సూసుకుంటాను. కాలీగా కూకోలేను గదా, ఓ రెండు గాలాలేసుకుంటాను."

ఉమాకాంతం గారు దానయ్య భుజం తట్టారు. ఇటువంటి పౌరుడు ఊరికొకడుంటే వారసత్వానికి లోటు లేదన్నారు. అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు. తుప్పు రెండు వందల ఎనభై ఏళ్లకి చేరేదాకా లంగరుని ప్రతిదినం లవణజల ప్రక్రియకి గురిచేయడానికి సూరాడ దానయ్యకి అనుమతి ఇవ్వడమైనది. పాత షరతు రద్దు చేయడమైనది. మిగిలిన నోటీసుదారులు కూడా ఇదే పద్ధతి అనుసరించాలి. సాయంత్రానికి షెల్టరు ముందు వరుస కట్టింది. లంగర్లు పడవల్లోకి చేరాయి. కత్తిపీటలు ఉప్పునీటి స్పర్శ కోసం చేపల బజారుకి వెళ్లాయి. బోరింగు పిడి గాలి తగలడానికి బోరింగు మీదకే వెళ్లింది. దాగలి సోమాచారి గుడిసెకి చేరింది, అతను శాలువా కప్పుకునే వచ్చి మోయించుకుపోయాడు. ఉమాకాంతం గారు రోజూ సాయంత్రం జీపు వేసుకుని అలల అంచున మూడు మైళ్లు తోలడం మొదలుపెట్టారు. చరిత్ర కోసమే.

పదిహేనో తారీఖు తూరుపు తెల్లబడేసరికి దానయ్య పారు మీద ఉన్నాడు. లంగరు వదిలాడు. తాడు చేతుల్లోంచి జారి జారి, అడుగున రాతిని పట్టుకుని బిగిసింది. పడవ ఒక్క కుదుపు కుదిపి నిలబడిపోయింది. నెల పైగా గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయినట్టయి, దానయ్య పడవలో ఒక్కడే కూర్చుని కాసేపు ఊరికే ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని గాలం వేశాడు. ఎండెక్కేలోగా పడవ సగం నిండింది.

ప్రదర్శనశాల ఇప్పటికీ ఉంది. పర్యాటకులు వస్తుంటారు. మూడు వందల దిమ్మెలున్నాయి, ఒక్కో దిమ్మె మీద వస్తువు పేరు, వయసు, కింద 'తుప్పు నిమిత్తం బయటకు వెళ్లినది' అని అందంగా రాసిన అట్ట ఉంటుంది. ఉత్తమ సేకరణకి ఆ ఏడు బహుమతి దానికే వచ్చింది.

నెలకొకసారి గేజీ పట్టుకుని ఉమాకాంతం గారు ఒడ్డుకి వస్తారు. ఆ రోజు ఎప్పుడో దానయ్యకి ముందే తెలుసు. ఆ ముందు రోజు పారు మీద నుంచి వస్తూ, లంగరుని ఒళ్లో పెట్టుకుని, కొబ్బరిపీచుతో ఇసుక రుద్ది రుద్ది తోముతాడు. మొదటి నెల మూడేళ్లు వచ్చింది. రెండో నెల రెండున్నర. ఈ మధ్య ఉమాకాంతం గారికి బెంగ పట్టుకుంది. తన ఉద్యోగకాలం ముగిసేలోగా రెండు వందల ఎనభై ఏళ్లు పూర్తవుతాయో లేదోనని, పోయిన నెల దానయ్యని పక్కకి పిలిచి దాదాపు బతిమాలినట్టుగా అడిగారు.

దానయ్య లంగరు మీద తడి తుడిచాడు.

"తొందరేటి బాబూ. సేనానిగోరు మూడొందలేళ్లు ఆగినారు. ఆయన ఏటీ అనుకోరు."

ఉమాకాంతం గారు ఆ మాటని జాగ్రత్తగా రాసుకుని, రెండేళ్లని గడిలో నింపి, సంతకం పెట్టారు. దానయ్య లంగరుని పడవలోకి ఎత్తి, మర్నాటికి ఎర కొనడానికి వెళ్లాడు.